ఏడో నంబరు యజమాని

పోయిన వారం లోహితను కార్వేటినగరంలో ఒక రేకుల షెడ్డు ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. బ్యాగు భుజం మీంచి జారిపోతున్నా సర్దుకునే ధ్యాస లేదు. కళ్ళు షెడ్డు మీది బోర్డుకు అతుక్కుపోయాయి.

"తొలికోత ఫుడ్స్. మామిడి తాండ్ర తయారీ. యజమాని: ఎం. సుకుమార్."

ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. రంగు ఇంకా కొత్తది. ఇలాంటి బోర్డులు ఊరికి పది ఉంటాయి, దానికింత బిత్తరపోవడం ఎందుకని అడుగుతారేమో. ఎందుకంటే తొలికోత ఫుడ్స్ అనే కంపెనీ ఈ భూమ్మీద లేదు. లేదని లోహితకంటే బాగా తెలిసినవాళ్ళు కూడా లేరు. ఆరు నెలల కిందట తిరుపతిలో, కాలేజీ ప్లేస్‌మెంట్ గదిలో ఫ్యాను కింద కూర్చుని, అర నిమిషంలో దాన్ని పుట్టించింది ఆమే.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. మన కాలేజీల్లో ఎంబీఏలో చేరిన మొదటి వారమే పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నారు, టిక్కు పెట్టండి అని. కొత్త బట్టలు, కొత్త బ్యాగు, కొత్త ఉత్సాహం. సగానికి పైగా పిల్లలు "సొంత వ్యాపారం" మీద టిక్కు కొడతారు. రెండో ఏడాది చివర అదే కాగితం మళ్ళీ ఇస్తే అదే పిల్లలు "ఏ ఉద్యోగమైనా సరే, ఏ ఊరైనా సరే" అని రాస్తారు. ఈ మధ్యలో ఏం జరిగిందని అడిగే కాగితం మాత్రం ఏ కాలేజీలోనూ ఉండదు.

ఆ ఉద్యోగం కూడా రానివాళ్ళు కొందరు మిగులుతారు కదా. వాళ్ళను ఖాళీగా ఉన్నారని రాస్తే కాలేజీ పరువు పోతుంది. అందుకని వ్యాపారవేత్తలని రాస్తారు. డిసెంబరులో ప్లేస్‌మెంట్ చూసే ధర్మేంద్ర సార్ అలాంటి పదకొండు పేర్లు రెండో ఏడాది చదువుతున్న లోహిత చేతిలో పెట్టాడు. "ఊరికే ఉండేవాడు గూడా ఏదో ఒకటి చేస్తానే ఉంటాడు కదమ్మా. దాన్నే వ్యాపారం అని రాసేయ్" అన్నాడు నవ్వుతూ. పదకొండు మందికీ లోహిత ఫోన్ చేసింది. పదిమంది ఎత్తలేదు. ఎత్తి మాట్లాడింది ఏడో నంబరు ఒక్కడే, రెండేళ్ళ సీనియర్ సుకుమార్. అతనితో సహా పదకొండు మందికీ ఆమే తలా ఒక కంపెనీ పెట్టించింది. జాబితా కింద సంతకమూ ఆమెదే. జనవరిలో కాలేజీ దాన్నే పుస్తకంగా అచ్చేసి, రాసింది ఎస్. లోహిత అని వేసింది.

ఇప్పుడు కాలేజీని పరిశీలించడానికి వచ్చే కమిటీ ఆ జాబితా మీద వేలు పెట్టి, "ఈ ఏడో నంబరు తాండ్ర కుర్రవాడి యూనిట్ చూస్తాం" అంది. గురువారం ఉదయం పదింటికి. ఈరోజు సోమవారం. సుకుమార్‌ను బతిమాలి, ఎక్కడో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఒక్క పూట యజమానిగా నిలబెట్టాలని, ఫోన్లో తెగే మాట కాదని లోహిత పుత్తూరు మీదుగా బస్సెక్కి వచ్చింది. కుదరకపోతే ఆమె సంతకానికి ఆమే జవాబు చెప్పుకోవాలి. చెన్నైలో బ్యాంకు ఉద్యోగం వచ్చి చేతిలో ఉంది. కాలేజీ ఒక్క చెడ్డ మాట రాసిందంటే అది గాలికి పోతుంది.

వచ్చి చూస్తే షెడ్డు ఉంది. బోర్డు ఉంది. తాను పెట్టిన పేరు అక్షరం పొల్లు పోకుండా ఉంది.

"ఎవురు కావాల?"

తలుపులోంచి ఒక అమ్మాయి తొంగి చూసింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తలకు ప్లాస్టిక్ టోపీ, మోచేతుల దాకా మామిడి గుజ్జు.

"సుకుమార్ గారిని కలవాల. తిరుపతి నుంచి వచ్చినాను, కాలేజీ తరఫున."

ఆ అమ్మాయి లోహితను కిందికీ పైకీ చూసింది. "మీ పేరు?"

"లోహిత."

"ఎస్. లోహితానా? పుస్తకంలో ఉండే లోహితా?" ఆ అమ్మాయి ముఖం విచ్చుకుంది. లోపలికి తిరిగి కేక పెట్టింది. "అమ్మా! ఆయమ్మ వచ్చింది. అన్న గురించి రాసిన ఆయమ్మ!"

చేతులు గబగబా కడుక్కుని వచ్చి, చాలా కాలంగా ఎదురుచూస్తున్న చుట్టాన్ని పట్టుకున్నట్టు లోహిత చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "నేను నిస్సీని అక్కా. సుకుమార్ చెల్లెల్ని."

లోపల పండిన తోతాపురి కాయల వాసన ముక్కుపుటాలు అదరగొట్టేట్టు ఉంది. ఒక పక్క బుట్టల్లో కాయలు, ఇంకో పక్క పెద్ద పెద్ద గిన్నెల్లో వడగట్టిన గుజ్జు. వెనక తలుపు ఓరగా తీసి ఉంది. దాని అవతల ఎండలో వరసగా చాపలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య ఒక పెద్దాయన బనియనుతో, గొంతుక్కూర్చుని, గుజ్జును పలుచగా పరుస్తున్నాడు. వీపు ఇటువైపు.

"మా నాయన" అంది నిస్సీ. "మునస్వామి. పిలిచినా తిరగడులే అక్కా. చెవులు బాగానే ఉండాయి, మాటే మానుకున్నాడు. అన్నం పెడితే తింటాడు, పని చెప్తే చేస్తాడు. అంతే."

ఎందుకు మానుకున్నాడని లోహిత అడగబోయింది. అడగాల్సిన పని లేకపోయింది. గోడ మీద కాలేజీ వాళ్ళు అచ్చేసిన "మా విద్యార్థుల విజయాలు" పుస్తకం ఏడో పేజీ తెరిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మేకుకు తగిలించి ఉంది. దాని పక్కనే ఒక ఫోటో. నవ్వీ నవ్వని ముఖంతో ఒక కుర్రవాడు. ఫోటో పైన బైబిలు వాక్యం. కింద రెండు వరసలు.

జననం: 2001 మార్చి 4. ప్రభువునందు నిద్రించిన తేది: 2024 ఆగస్టు 19.

లోహిత ఆ రెండో వరసను మళ్ళీ చదివింది. మూడోసారి చదివింది. అచ్చు తప్పేమో అనుకుంది, ఫోటో స్టూడియో వాళ్ళు ఏడాది తప్పు వేశారేమో అనుకుంది. ఆమె సుకుమార్‌తో ఫోన్లో మాట్లాడింది మొన్న పోయిన డిసెంబరులో. అంటే ఆ ఆగస్టు దాటి, ఇంకో ఆగస్టు కూడా దాటాక. పోయిన మనిషి పదహారు నెలలకు ఫోనెత్తాడు. ఎత్తి, మర్యాదగా మాట్లాడాడు.

"కూర్చో పాపా, నిలబడే ఉండావే" అంటూ ఒకామె పళ్ళెంలో తాండ్ర ముక్కలు, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. సుకుమార్ తల్లి ఎస్తేరు. సన్నగా, నిదానంగా ఉంది. ముక్క తీసి తానే లోహిత చేతిలో పెట్టింది. "తిను. మా వాడి తాండ్ర."

లోహిత నోట్లో పెట్టుకుంది. తీపి, ఆ వెనకే కాస్త పులుపు. ఆమె మనసులో ఏళ్ళ తరబడి ఊహించుకున్న రుచి సరిగ్గా అదే.

"సత్యవేడు పక్క కంపెనీలో ఉద్యోగం వచ్చింది వాడికి" అంది ఎస్తేరు, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటూ. "ఆ పొద్దే చేరాల. నేను పాల కేంద్రానికి పోయి వచ్చేలోపల బండెక్కి పోయేసినాడు. నాగలాపురం దాటినాక లారీ. సంతోషంగానే పోయినాడే, నీకు చెప్పమన్నాడే అని వాళ్ళ నాయన చెప్పినాడు. అదే ఆయన ఈ ఇంట్లో మాట్లాడిన కడాపటి మాట."

నిస్సీ కత్తిపీట ముందు కూర్చుని మళ్ళీ కాయలు కోయడం మొదలుపెట్టింది. కోస్తూనే చెప్పింది. తాను వేలూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది. జనవరిలో కాలేజీ నుంచి అన్న పేరు మీద పుస్తకం వచ్చిందని తల్లి ఫోన్ చేస్తే, పోయిన మనిషికి పుస్తకం ఏమిటని కోపంగా వచ్చింది. వచ్చి ఏడో పేజీ చదివింది.

"అన్న మనసులో ఇంత ఉండిందని మాకు తెలీదక్కా. కంపెనీ పేరుతో సహా ఉండాది. తోతాపురితో తాండ్ర అని రాసి ఉండాది. ఈ పక్కంతా గుజ్జు ఫ్యాక్టరీలే కదా, తాండ్ర ఎవురు చేస్తారు? ఎట్ల తట్టిందో వాడికి! బతికుండగా మీతో చెప్పుకున్నాడు, మాతో చెప్పుకోలా. ఆ రాత్రంతా ఏడ్చినాను. వాడు చేయలేనిది నేనన్నా చేయాల కదా. ఉద్యోగం వదిలేసి వచ్చేసినాను."

తాండ్ర ఆలోచన సుకుమార్‌ది కాదు, లోహితది. తొలికోత అనే పేరు ఇంటర్ చదివే రోజుల నుంచి ఆమె డైరీ చివరి పేజీలో దాచుకున్న పేరు. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ తోటలో కొనేవాడు లేక రాలి కుళ్ళిపోయే కాయల్ని చూసి, వీటితో ఏదైనా చేయాలని పెట్టుకున్న ఆశ. బ్యాంకు ఉద్యోగం వచ్చేట్టుంది, ఎటూ నేను వాడని పేరే కదా అనుకుని జాబితాలో ఏడో వరసలో రాసి పడేసింది. తాను ధైర్యం చేయలేని పని ఒక చచ్చిపోయినవాడి తలకు కట్టింది. ఆ పనికి ఇక్కడొక బతికున్న పిల్ల తన ఉద్యోగాన్ని ఇచ్చేసింది.

చేతిలో ఫోను గుర్రుమంది. ధర్మేంద్ర సార్ మెసేజీ. "ఓనరు ఒప్పుకున్నాడా? గురువారం పదికల్లా కమిటీ ఆడికి వస్తాది. ఏర్పాట్లు చూడు."

ఏర్పాట్లకు లోటేముంది? షెడ్డు ఉంది, బోర్డు ఉంది, తాండ్ర ఉంది. అన్న కలను భుజానికెత్తుకున్న చెల్లెలు ఉంది. లోహిత నోరు మూసుకుని తల ఊపితే చాలు. కమిటీలో పెద్దలు కళ్ళు తుడుచుకుని మార్కులు వేసిపోతారు. ఇంతకంటే మంచి కథ వాళ్ళకు ఏ కాలేజీలోనూ దొరకదు. ఈ ఆలోచన తనకే వచ్చిందని తెలిసి లోహితకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తల ఊపడానికే సిద్ధపడింది. మనిషి భయం అంత చెడ్డది.

"ఆయన... అప్పట్లో క్లాసులో అందరికీ చెప్పేవాడంట" అని మొదలుపెట్టింది.

"పాపా" అంది ఎస్తేరు. ముందుకు వంగి, గొంతు తగ్గించి, దొరకనిది దొరికినట్టు అడిగింది. "నీతో చెప్పేటప్పుడు నవ్వుతా చెప్పినాడా? ఇంట్లో కడా నెలంతా నవ్వలేదు వాడు. ఎందుకని అడిగితే ఏమీలేదమ్మా అనేవాడు. నీతోనన్నా నవ్వుతా చెప్పినాడా?"

అబద్ధం ఆడాలంటే ఒక్క "ఊఁ" చాలు. ఆ "ఊఁ" లోహిత గొంతు దాటి రాలేదు. పళ్ళెం పక్కకు జరిపింది.

"అమ్మా, నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. నేను కాలేజీలో చేరక ముందే ఆయన చదువు అయిపోయింది. నేను ఫోన్లో మాట్లాడినాను. అంతే."

"ఫోన్లోనా?" అంది నిస్సీ. "ఎప్పుడు?"

"డిసెంబర్లో."

"ఏ డిసెంబరు?"

"మొన్న పోయిన డిసెంబరు."

కత్తిపీట మీద కాయ ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు" అంది నిస్సీ.

లోహిత దాచకుండా చెప్పింది. జాబితా సంగతి, పదకొండు పేర్ల సంగతి, గురువారం సంగతి. ఏడో నంబరుకు చేస్తే చాలాసేపు మోగి ఒక మగ మనిషి ఎత్తడం. సుకుమార్ గారేనా అంటే కాసేపు పలకకపోవడం. తర్వాత, "సుకుమార్‌నే మాట్లాడతా ఉండా" అనడం. గొంతు కాస్త బరువుగా ఉంటే జలుబు చేసిందేమో అనుకుంది. ఏం చేస్తున్నారు, ఉద్యోగమా, పైచదువా, సొంత వ్యాపారమా అని కాగితంలో ఉన్నట్టే అడిగింది. అవతల కాకులు అరవడం మాత్రం వినిపించింది.

"కడాకు, బిజినెస్సే అని రాసుకోమ్మా అన్నాడు. ఏ బిజినెస్ అండీ అన్నాను. నువ్వే ఏదన్నా మంచిది చూసి రాయమ్మా, వాడి పేరు బాగుండేట్టుగా రాయి, అన్నాడు. వాడి పేరు అన్నాడు. నా పేరు అనలేదు. అప్పుడు నాకు తట్టలేదు."

"అయితే తాండ్ర?"

"నేను రాసిందే."

"తొలికోత?"

"అదీ నాదే. నాకోసం దాచుకున్న పేరు."

నిస్సీ తన చేతుల వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో గుజ్జు పసుపు రంగు పట్టి ఉంది. కాయలు దిగినప్పటి నుంచీ అది వదలడం లేదు. కోపం వస్తుందనుకుంది లోహిత, తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల చిన్నగా, ఏదో పోగొట్టుకుని వెతుక్కునేదానిలా అడిగింది.

"అయితే ఇది మా అన్నది కాదా? మరి మా అన్నది ఏదక్కా? వాడు చేయాలనుకునింది ఏది?"

లోహిత గోడ మీది ఏడో పేజీ వంక చూసింది.

"అబద్ధం చెప్తా ఉండావు" అంది నిస్సీ ఉన్నట్టుండి లేచి నిలబడుతూ. ఇప్పుడు వచ్చింది కోపం. "తప్పించుకునేదానికి చెప్తా ఉండావు. సచ్చిపోయినోడు ఫోనెత్తినాడంటే నమ్మేదానికి మేము పిచ్చోళ్ళమా? ఏ నంబరుకు చేసినావు? తియ్యి, చూస్తాను."

లోహిత ఫోను తీసి నంబరు చూపించబోయింది. నిస్సీ చూడలేదు. కళ్ళు మూసుకుని పది అంకెలూ తానే చెప్పింది. అదే నంబరు.

"ఆ ఫోను బీరువాలో ఉండాది. అద్దం పగిలి ఉంటే పోలీసోళ్ళు అట్లే తెచ్చిచ్చినారు. నాయన గుడ్డలో సుట్టి లోపల పెట్టినాడు. రెండేండ్లుగా దాన్ని తాకినోళ్ళు లేరు."

"బీరువాలో లేదు నిస్సీ" అంది ఎస్తేరు మెల్లగా.

"ఏందమ్మా?"

"క్రిస్మస్సుకు బట్టలు సర్దేటప్పుడు సూసినా. ఉత్త గుడ్డే ఉండింది. నువ్వు వేలూరుకు ఎత్తకపోయినావేమో, అన్న గుర్తుగా పెట్టుకుంటావులే అని నేను అడగలా."

"నేను తీయలేదమ్మా."

ముగ్గురాడవాళ్ళూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రేకుల మీద ఎండ చిటపటమంటోంది. పట్టపగలు, పక్క వీధిలో ఐస్ బండివాడి గంట వినబడుతోంది. అయినా లోహితకు ఆ నంబరు అవతల ఎవరున్నారో తెలుసుకోవాలని లేదు. తెలుసుకోకుండా ఇక్కణ్ణుంచి కదలాలనీ లేదు.

"చెయ్యి" అంది నిస్సీ. "ఇప్పుడే చెయ్యి. అందరికీ వినబడేట్టు పెట్టు."

లోహిత నొక్కింది. కాసేపు ఏమీ లేదు. స్విచాఫ్ అని వస్తే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

రైలు కూత వినబడింది.

కార్వేటినగరానికి రైలు లేదు.

"అన్న రింగుటోను" అంది నిస్సీ. ఆ మాట సగంలో విరిగింది. "చిన్నప్పటి నుంచీ రైలంటే వాడికి..."

కూత ఆగి మళ్ళీ మొదలైంది. ఫోన్లోంచి కాదు, షెడ్డు వెనక నుంచి. నిస్సీ ఓరగా ఉన్న తలుపు దగ్గరికి పోయింది. ఆమె భుజం మీంచి లోహిత చూసింది.

చాపల మధ్య మునస్వామి లేచి నిలబడ్డాడు. గుజ్జు వేళ్ళను భుజం మీది తువాలుకు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. తొందరేమీ లేదు. నడుం దగ్గర పంచె మడతలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక ఫోను తీశాడు. షెడ్డుకు వీపు పెట్టి, గొంతు సవరించుకున్నాడు. వంగిన నడుం నిటారుగా చేశాడు. ఆ ఒక్క క్షణం వెనక నుంచి చూస్తే ఆయన అరవై ఏళ్ళ మనిషిలా లేడు.

"హలో" అన్నాడు. "సుకుమార్‌ని మాట్లాడతా ఉండా."

రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు తలుపు అవతల నుంచి ఒకసారి, లోహిత చేతిలోని ఫోన్లోంచి ఒకసారి వినబడింది. నిస్సీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. లోహితకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. కొడుకు పేరు అడిగిన పరాయి మనిషికి, నా కొడుకు లేడమ్మా అని చెప్పడానికి ఆ తండ్రికి నోరు రాలేదు. లేడు అనలేక, ఉన్నాను అన్నాడు. ప్రతి నెలా ఎవరికీ తెలియకుండా ఆ నంబరుకు రీచార్జి చేయించి, పంచెలో దోపుకుని తిరుగుతూ, కొడుకును అంతమేరకు బతికించుకున్నాడు.

"ఎవురు? మాట్లాడరే?" అన్నాడు మునస్వామి. "కాలేజీ పాపేనా?"

"అవునండీ" అంది లోహిత. ఎలాగో అంది.

"నంబరు గుర్తుండాది. మళ్ళీ చేస్తావేమోనని సూస్తానే ఉండా. మీ పుస్తకం వచ్చిందమ్మా. బాగా రాసినావు. మంచి పేరు పెట్టినావు." ఆగాడు. కాకులు అరిచాయి, ఆ డిసెంబరులో లాగానే. "ఇంకో మాట గూడా రాసుకోవాలమ్మా. ఆ పొద్దు నువ్వు అడిగినప్పుడు చెప్పలేకపోతిని."

"చెప్పండి."

"నేను ఆ కంపెనీకి పోనన్నాను. నాకు ఇష్టం లేదు, సొంతంగా చేసుకుంటా, ఒక్క ఏడాది టైమియ్యి నాయనా అని కాళ్ళు పట్టుకున్నాను. మా నాయన ఇన్లేదు. పోయి చేరు, చేరకుంటే ఈ గడప తొక్కొద్దు అన్నాడు. బండి తాళాలు తెచ్చి మొగాన కొట్టినాడు. సంతోషంగా ఏమీ పోలేదు నేను. ఏడుస్తా పోయినాను. కండ్లల్లో నీళ్ళుంటే లారీ ఎట్ల కనబడతాది?" గొంతు ఒక్కసారి తడబడి మళ్ళీ నిలబడింది. "నన్ను ఆ పొద్దు పంపించింది మా నాయనే అని రాసుకోమ్మా. ఆయన పేరు మునస్వామి. పుస్తకంలో అచ్చు వేయించు. అందరూ సదవాల."

లోహిత కళ్ళ ముందు చాపలు, ఎండ, ఆ వీపు అన్నీ అలుక్కుపోయాయి. ఆమె చేతిలోంచి ఎవరో ఫోను తీసుకున్నారు. తిరిగి చూస్తే ఎస్తేరు.

సంతోషంగా పోయినాడనే ఆ ఒక్క మాటను పట్టుకుని రెండేళ్ళు నెట్టుకొచ్చింది ఆమె. ఇప్పుడది చేతుల్లో లేదు. తలుపు తీసుకుని పోయి మొగుడి బనియను పట్టుకుంటుందేమో, గుండెలు బాదుకుంటుందేమో అని నిస్సీ ఆమె చేయి పట్టుకోబోయింది. ఎస్తేరు కూతురి చేయి వదిలించుకుంది. గోడ మీది ఫోటో వంక ఒకసారి చూసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"సుకుమారా" అంది.

బయట మునస్వామి వీపు కొయ్యబారింది.

"సుకుమారా, అమ్మను. పాల కేంద్రం నుంచి వచ్చేసరికి పొయ్యి మీద దోస అట్లే ఉండింది నాయనా. తినకుండా పోయినావు." ఆమె గొంతులో కోపం లేదు. రోజూ అడిగే మాట అడిగినట్టే ఉంది. "రెండేండ్లుగా మీ నాయనను అడగాలని, అడగలేక సస్తా ఉండా. ఆయన మాట్లాడడు. నువ్వన్నా చెప్పు. ఆ పొద్దు మీ నాయన కాళ్ళు పట్టుకుని నువ్వు ఏం చేస్తానని అడిగినావు? ఏ వ్యాపారం అది? మీ నాయన అంత మాట అనేదానికి దాంట్లో ఏముండింది?"

మునస్వామి ఇటు తిరగలేదు. ఫోను పెట్టేయనూ లేదు. మెల్లగా కుంగిపోయి, తడి ఆరని తాండ్ర మీదే కూర్చుండిపోయాడు. పంచెకు గుజ్జు అంటుకున్నా చూసుకోలేదు. చెవికి ఫోను అలాగే ఉంది. గురువారమూ కమిటీ లోహితకు గుర్తే లేవు.

"చెప్తానమ్మా" అంది కొడుకు ఫోను.